శంషాబాద్ ఎండల్లో చెర్రీ ఆశలు

శంషాబాద్ నుంచి బెంగుళూరు రోడ్డు వెంట సాగితే ఇరుపక్కలా నర్సరీలు కనిపిస్తాయి. 2008లో విమానాశ్రయం వచ్చాక ప్లాట్లు పెరిగాయి, మొక్కల బేరమూ పెరిగింది. ఆ బేరంలో ఇప్పుడు చెర్రీ ఒకటి. మొక్కకు ఎర్రని పండ్ల బొమ్మ తగిలించి ఉంటుంది. రెండేళ్ల కిందట ఈ వ్యాసకర్త కూడా ముచ్చటపడి ఒకటి కొని నాటాడు. పండు మాట అటుంచి, మొదటి వేసవికే మొక్క మాడిపోయింది.

లోపం నీటిదీ కాదు, ఎరువుదీ కాదు. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌లలో పండే చెర్రీ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రిస్తుంది. 7 డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగిలితే గాని దాని మొగ్గ సరిగా విచ్చదు. మనకు పుష్యమాసపు రాత్రుల్లో సైతం పాదరసం అంత కిందికి దిగడం అరుదు. ఇక గంటల లెక్క ఎక్కడ! కాలిఫోర్నియాలో రూపొందిన రాయల్ లీ, మినీ రాయల్ రకాలకు తక్కువ చలి చాలునంటారు. వాటికీ రెండు మూడు వందల గంటలు కావాలి. పైగా ఒకదాని పుప్పొడి మరొకదానికి అందాలి గనుక రెండూ నాటాలి.

"అనాబ్-ఎ-షాహి ద్రాక్ష ఇక్కడ పండలేదా?" అని అడిగేవారున్నారు. పండింది. ద్రాక్షతీగ ఈ వేడిలో నిద్రపోక ఏడాది పొడుగునా పెరుగుతుంది. ఏటా రెండుసార్లు కత్తిరించి కాపు తెప్పించారు. చెర్రీని కత్తిరిస్తే కొమ్మ పోతుందే గాని కాపు రాదు. (ఆ ద్రాక్షతోటలు సైతం చాలావరకు ప్లాట్లయిపోయాయి, అది వేరే కథ.) 2020లో ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఆపిల్ కాసిన మాట నిజమే. అది వేడిని తట్టే రకమని ఎంచి నాటినది. ఆ జిల్లా చలి మనకు లేదు కూడా.

బార్బడోస్ చెర్రీ, సింగపూర్ చెర్రీ అనేవి వేరే జాతులు. రెండోది మన నక్కరేగే. అవి ఇక్కడ చక్కగా కాస్తాయి. ఆ పేరే చెప్పి అమ్మితే తగాదా లేదు. అసలు కేకు మీద చెర్రీ అని పిల్లలు ఏరుకు తినేది చాలావరకు పాకంలో ఊరి, రంగు అద్దుకున్న వాక్కాయే! అది నీరు అంతగా అడగదు, ముళ్లపొద గనుక కంచెకూ పనికొస్తుంది, కాయ పప్పులోకి, పచ్చడిలోకి దివ్యంగా ఉంటుంది.

నర్సరీల నమోదుకు 2010లోనే చట్టం వచ్చింది. ప్రతి మొక్కకూ జాతి, రకం, ఏ వాతావరణానికి తగునో తెలుగులో రాసిన చీటీ ఉండేలా ఉద్యానశాఖ వారు చూడాలి. వానాకాలం అమ్మకాలు మొదలయ్యేలోగా ఆ పని జరగాలి.