లేఅవుట్‌కి సంతకం పెట్టేముందు టపాసుల మందు షెడ్డు ఎక్కడుందో చూడండి

శివకాశి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, నగర ప్రణాళికా విభాగం అధికారులకు,

2021లో మా తిరుత్తంగల్ మునిసిపాలిటీని శివకాశిలో కలిపి కార్పొరేషన్ చేశారు. ఊరి పేరు మరుగున పడిపోయిందని బాధపడేవాళ్లు మాలో ఉన్నారు. నా బాధ అది కాదు. ఊరు ఎటు పెరుగుతోందో చూసి భయమేసి రాస్తున్నాను.

ఒకసారి నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి కొండెక్కి చుట్టూ చూసి, తర్వాత ఊరి శివార్లకు రండి. మెట్ట చేలల్లో ఎడమెడంగా చిన్న చిన్న గదులు, మధ్యన వేపచెట్లు: అవి టపాసుల ఫ్యాక్టరీలు. ఆ వైపుకే జరుగుతున్నాయి ఇళ్ల ప్లాట్ల హద్దురాళ్లూ రంగు జెండాలూ.

ఆ ప్లాట్లు కొనేవాళ్లలో మా పిల్లలే ఉన్నారు. తల్లి టపాసులు చుట్టి చదివిస్తే, చెన్నైలోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, సొంతూళ్లో ఒక ఇల్లుండాలని జీతంలో మిగిల్చి కొంటున్నారు. వాళ్ల జీతాలు చూసి నాకు కడుపుమంట లేదు, తల్లుల కూలి చూస్తేనే కోపం. అల్యూమినియం పొడి సబ్బుతో రుద్దినా పోదు. అన్నం కలుపుకునే చేతి గీతల్లో వెండిలా మెరుస్తూనే ఉంటుంది. ఆ చేతికి పీస్ రేటు కట్టి ఇచ్చినంతకాలం తొందర తప్పదు. మందు దగ్గర తొందరపడితే ప్రాణాలే పోతాయి. అయితే కూలి సంగతి కార్మిక శాఖ చూడాలి. మీ చేతిలో ఉన్నది ఊరి మ్యాపు.

ఆ మ్యాపు ఎందుకు ముఖ్యమో చూడండి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో టపాసుల ఫ్యాక్టరీ పేలి దాదాపు 40 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆ ఫ్యాక్టరీ కూలీలు కారు. మంటలు చూసి, ఆదుకుందామని పరుగెత్తుకొచ్చిన చుట్టుపక్కలవాళ్లు.

నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడేలో 1977లో ఒక బాణసంచా గోడౌన్ కట్టారు. అప్పుడది ఊరి బయటే. తర్వాత ఊరే పెరిగి దాన్ని చుట్టేసింది. 2000 మే 13న అది పేలి 23 మంది పోయారు, వందల ఇళ్లు కూలిపోయాయి. అంత డబ్బూ చదువూ ఉన్న దేశంలోనే అలా జరిగింది. బేరూత్ రేవులో ఏళ్ల తరబడి పడున్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ 2020 ఆగస్టు 4న పేలింది. ఆ వార్త వచ్చాకే కదా, చెన్నై మణలిలో 2015 నుంచీ మూలుగుతున్న దాదాపు 700 టన్నుల అదే సరుకుని లారీలకెత్తి హైదరాబాదుకి పంపేశారు! అయిదేళ్లు కదలనిది కొన్ని రోజుల్లో కదిలింది. ప్రపంచ భద్రత అనగానే టీవీల్లో క్షిపణుల గురించే చర్చిస్తారు. నా దృష్టిలో మందుకీ మనిషి పడుకునే గదికీ మధ్య ఎంత దూరం ఉందో చూసుకోవడం కూడా ఆ భద్రతలో భాగమే.

2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో ఆ దూరాలు రాసే ఉన్నాయి. కానీ ఫ్యాక్టరీ లైసెన్సులు ఒక శాఖవి, లేఅవుట్ అనుమతులు మరో శాఖవి. పట్టణ ప్రణాళికా శాఖ పేరుతో ‘డీటీసీపీ అప్రూవ్డ్’ అని బోర్డు కనబడితే చాలు, కొనేవాడు మరోమాట అడగడు. అందుకే ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పరిచి చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను. లైసెన్సున్న ప్రతి ఫ్యాక్టరీనీ, మందు నిల్వచేసే ప్రతి గోడౌన్‌నీ మ్యాపులో గుర్తించి, చుట్టూ ఎంతమేర ఇల్లు కట్టకూడదో ఎర్రగీత గీయండి. ఆ గీత లోపల ఏ లేఅవుట్‌కీ సంతకం పెట్టకండి. ఇప్పటికే కట్టుకున్నవాళ్లని దోషులుగా చూడకండి, వాళ్ల వీధుల్లోకి ఫైరింజను తిరిగేంత రోడ్డు వేయండి.

వచ్చే దీపావళి సీజను మొదలయ్యేలోగా ఆ మ్యాపుని ప్రతి వార్డులోనూ గోడకు అంటించండి. తమిళంలో ఉంటే చాలు. మా తెలుగు ఇళ్లలో చదవలేని పెద్దవాళ్లకి మేమే కూర్చుని చదివి చెబుతాం.

ఇట్లు,
తిరుత్తంగల్ నివాసి ఒకరు