గర్భంలో గుండె రూపుదిద్దుకునే వేళ

గుండెలో రంధ్రంతో శిశువు జన్మించినప్పుడు అనేక కుటుంబాలలో మొట్టమొదట తలెత్తే ప్రశ్న ఒక్కటే: “కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం చేసింది?” ఏం తిన్నది, ఏ బరువు ఎత్తింది, ఏ వేళ గడప దాటింది అని ఆరా తీస్తారు. బిడ్డను చూసి కుమిలిపోతున్న ఆ తల్లి ఈ నిందను కూడా మోయవలసి వస్తుంది. ప్రతి నూరుమంది శిశువులలో దాదాపు ఒకరు ఏదో ఒక గుండె లోపంతో పుడుతున్నారు. కనుక ఈ నింద ఎంతవరకు న్యాయమో పరిశీలించడం అవసరమని మేము భావిస్తున్నాము.

పిండంలో అన్నిటికన్నా ముందు పనికి పూనుకునే అవయవం గుండె. ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో అది కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికది ఒక సన్నని గొట్టం మాత్రమే. ఆ గొట్టం మెలి తిరిగి, లోపల గోడలు లేచి, ఎనిమిదో వారం ముగిసేసరికి నాలుగు గదుల గుండెగా రూపొందుతుంది. గుండె తొలిసారి కొట్టుకునే నాటికి తల్లికి నెలసరి ఒక వారం ఆలస్యమై ఉంటుంది, అంతే. తాను గర్భవతినన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియకపోవచ్చు.

ఇంతటి పనికి సూచనలు ఎక్కడివి? మానవ డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ప్రోటీన్ల తయారీకి నేరుగా ఉపకరించేవి వాటిలో రెండు శాతంలోపే. మిగిలిన దానిలో అధికభాగాన్ని చాలాకాలం ‘చెత్త’గా భావించారు. అయితే అందులో కొంతభాగం నుండి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుందనీ, అది ప్రోటీన్‌గా మారకుండానే ఇతర జన్యువులను అదుపు చేస్తుందనీ తర్వాత తేలింది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక చిన్న పురుగులో ఇటువంటి సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ పనితీరును వెల్లడించారు. ఆ కృషికి 2024లో వారికి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

బిర్యానీకి సామగ్రి అంతా సిద్ధంగా ఉన్నా, దమ్ వేళ మంట ఎప్పుడు తగ్గించాలో తెలిసిన చెయ్యి లేకపోతే అడుగంటుతుంది. ఈ ఆర్‌ఎన్‌ఏలు చేసేది ఆ చేతి పనే. గుండె కండరంలో సమృద్ధిగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-1 పొడవు సుమారు 22 అక్షరాలే. గుండె పెరుగుదలకు అవసరమైన ‘హ్యాండ్-2’ అనే ప్రోటీన్ మోతాదు మించకుండా అది చూస్తుందని అమెరికాలో దీపక్ శ్రీవాస్తవ బృందం 2005లో తెలిపింది. దానిని తయారుచేసే రెండు జన్యువులలో ఒకదానిని ఎలుకలలో తొలగించగా, దాదాపు సగం పిల్లలు మరణించాయి. వాటిలో అనేకంటికి గుండె కింది గదుల మధ్య గోడ పూర్తికాలేదు. మిగిలిన సగం బతికాయి. లోపం ఒక్కటే అయినా ఫలితం ఒక్కటి కాలేదు!

పొడవైన ఆర్‌ఎన్‌ఏలూ ఉన్నాయి. ‘ఫెండర్’ అనేది లోపించిన ఎలుక పిండాలు గుండె సరిగా ఎదగక గర్భంలోనే నశించాయని 2013లో వెల్లడైంది. అదే సంవత్సరం, ఎలుక మూలకణాలు గుండె కణాలుగా మారడానికి ‘బ్రేవ్‌హార్ట్’ అనే ఆర్‌ఎన్‌ఏ అవసరమని తేలింది. అయితే మనుషులలో దానికి సరిజోడు కనిపించలేదు. ఎలుకలో తేలిన ప్రతిదీ మనిషికి వర్తించదని మనం గుర్తుంచుకోవాలి.

అయినా ఒక విషయం స్పష్టం. గుండె నిర్మాణం అతి సున్నితమైన మోతాదుల మీద, తల్లి కంటికి అందని దశలో జరుగుతుంది. తల్లి బరువు ఎత్తినందువల్లనో, గడప దాటినందువల్లనో గుండె గోడలో రంధ్రం మిగిలిపోదు.

అలాగని మన చేతిలో ఏమీ లేదని కాదు. గర్భానికి ముందే ఫోలిక్ ఆమ్లం మాత్రలు ప్రారంభించడం, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం, గర్భధారణకు కనీసం నెల ముందే రుబెల్లా టీకా పొందడం, వైద్యుల సలహా లేకుండా మందులు వాడకపోవడం మేలు. దగ్గరి రక్తసంబంధంలో నికాహ్ జరిగితే ఈ లోపాల అవకాశం కొంత పెరుగుతుంది. అటువంటి దంపతులు ముందే వైద్యులను సంప్రదించాలి. అవసరమైతే 18 నుండి 22 వారాల మధ్య శిశువు గుండెకు స్కానింగ్ చేస్తారు. ఈ బాధ్యత భార్యది ఎంతో భర్తదీ అంతే.

“ఏం చేశావు?” అని ఆ తల్లిని అడగడం ఇకనైనా మానుదాం. “ఇప్పుడు ఏం చేద్దాం?” అని ఆమె పక్కన కూర్చుందాం.