మార్కుల పట్టిక కాదు, పునాది బాగుపడవలెను

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన ప్రతి సంవత్సరం మన కళాశాలలు ఒక జాబితాను సగర్వంగా ప్రకటిస్తాయి. అందులో తొమ్మిది వందలు దాటిన వారి పేర్లు ఉంటాయి. ప్రకటించని జాబితా మరొకటి ఉన్నది. అందులోని వారు బైపీసీలో చేరినారు, డాక్టరు కావాలన్నారు, అత్తెసరు మార్కులతో గట్టెక్కినారు. టి.సి. చేతికి వచ్చిన నాటితో వారికీ కళాశాలకూ సంబంధం తెగిపోతుంది. ఈ రెండవ జాబితాను గురించి విద్యార్థి సోదర సోదరీమణులతోను, కళాశాల సంఘం పెద్దలతోను నాలుగు మాటలు చెప్పదలచినాము.

ముందుగా ఒక అపోహ తొలగవలెను. తక్కువ మార్కులు వచ్చినవానికి వైద్య విద్య ద్వారం శాశ్వతంగా మూసుకొన్నదని పలువురి నమ్మకం. అది నిజం కాదు. అమెరికా వంటి దేశాలలో వైద్య కళాశాలకు దరఖాస్తు చేసేవాని డిగ్రీ చదువంతటినీ తూకం వేస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు సైతం, మొదటి సంవత్సరాలలో వెనుకబడితే, డిగ్రీ ముగిసిన పిమ్మట మరి ఒకటి రెండేండ్లు శాస్త్ర విషయాలు చదివి తమ స్థాయిని నిరూపించుకోవలసి వస్తుంది. మన రాష్ట్రంలోనూ ఎంసెట్ నాళ్ళలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2016 తరువాత ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలు నీట్ ర్యాంకు మీదనే జరుగుతున్నవి. ఆ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలియవు. 2022లో గరిష్ఠ వయోపరిమితిని కూడా తొలగించినారు. అనగా మన దేశంలో గతం క్షమింపబడుతున్నది. క్షమించనిది పునాది ఒక్కటే. మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

అయితే ఇంటర్ మార్కులు బొత్తిగా అక్కరకు రావనుకొనుట పొరపాటు. 1997 నాటి వైద్య విద్యా నియమావళి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి 50 శాతం మార్కులు ఉండవలెనని, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులవారికి 40 శాతం చాలునని విధించింది. మన బోర్డులో ఏండ్ల తరబడి నడచిన పద్ధతిలో ఈ శాస్త్రాలకు రెండు సంవత్సరాలకు కలిపి 600 మార్కులు. 35 శాతంతో ఉత్తీర్ణుడైన వానికి 210 వస్తాయి. 50 శాతానికి 300 కావలెను. ఉత్తీర్ణతకూ అర్హతకూ నడుమ 90 మార్కుల అగాధం ఉన్నదన్నమాట! ఇల్లు అలకగానే పండుగ కాదు. నియమావళులు మారుతుంటాయి, కనుక అర్హత గీత ఏ ఏట ఎక్కడ ఉన్నదో ఆ సంవత్సరపు ఆరోగ్య విశ్వవిద్యాలయ ప్రవేశ ప్రకటనలో ప్రతి విద్యార్థి స్వయంగా చదువుకోవలెను. మొదటి సంవత్సరంలో తక్కువ వచ్చినవారు సప్లిమెంటరీ వేళ ఇంప్రూవ్‌మెంట్ రాసుకొనే అవకాశాన్ని వదులుకోరాదు.

ఇక పునాది సంగతి. ఒకసారి తప్పినవాడు చేసే మొదటి పని లాంగ్‌టర్మ్ కోచింగులో చేరడం. తండ్రి అప్పు చేస్తాడు, తల్లి నగలు కుదువ పెడుతుంది. అక్కడ పాఠం మొదటి పుట నుండి అందరికీ ఒకే వేగంతో సాగుతుంది. ఏ మెట్టు మీద తన కాలు జారిందో తెలుసుకోనివాడు ఆ మెట్టు మీదనే మళ్ళీ జారుతాడు. ఇది నేల విడిచి సాము చేయడమే.

భౌతికశాస్త్రాన్నే తీసుకొందాము. 2025 నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో భౌతికశాస్త్రానికి 45 ప్రశ్నలు, 180 మార్కులు. బైపీసీ విద్యార్థి ఇక్కడ తడబడడానికి కారణం చాలాసార్లు భౌతికశాస్త్రం కాదు, పదవ తరగతితో వదలిపెట్టిన గణితం. నిష్పత్తులు, పది ఘాతాలు, సంవర్గమానాలు, సైను కొసైనులు, గ్రాఫు వాలు — ఇవి చేతికి రానిదే ఏ సూత్రం కంఠస్థం చేసినా లెక్క తేలదు. అట్లే రసాయనశాస్త్రంలో మోల్ భావన పట్టుబడనివానికి ద్రావణాలు, సమతాస్థితి, విద్యుద్రసాయనశాస్త్రం మూడూ మూతపడిన తలుపులే. కనుక పాత జవాబు పత్రాలు, మాదిరి పరీక్షలు ముందు పెట్టుకొని, పోయిన ప్రతి మార్కుకు కారణం రాసుకొనడం మొదటి పని. పాఠం తెలియక పోయినదా, లెక్క తప్పి పోయినదా, ప్రశ్న సరిగా చదవక పోయినదా? ఈ మూడు జబ్బులకు మందు ఒకటి కాదు. తెలిసిన ప్రశ్నకు తప్పు జవాబు గుర్తిస్తే రావలసిన 4 పోవడమే గాక మరొకటి కోత పడుతుంది. అట్టి పొరపాట్లు పది చేస్తే 50 మార్కులు నష్టం. ఆ 50 మార్కులకు కొత్త పాఠం ఒక్కటి కూడా చదువనక్కరలేదు, జాగ్రత్త చాలు.

భాషను గురించి ఒక మాట. నీట్ ప్రశ్నపత్రం 2017 నుండి తెలుగులో, 2018 నుండి ఉర్దూలో కూడా వస్తున్నది. అనువాదంలో సందేహం కలిగితే ఆంగ్ల ప్రతియే ప్రమాణం. వైద్య కళాశాలలో బోధన కూడా ఆంగ్లమే. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చినవారు దీనిని తమ తెలివి తక్కువకు గుర్తుగా భావించి కుంగిపోతున్నారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒకనాడు వైద్య శాస్త్రాన్నే ఉర్దూలో బోధించిన సంగతి మరువరాదు. శాస్త్రం ఏ భాషలోనైనా ఒదుగుతుంది. లోపించినది పదాల వంతెన మాత్రమే. మూత్రపిండం, గుర్దా, కిడ్నీ. కిరణజన్య సంయోగక్రియ, జియాయీ తాలీఫ్, ఫోటోసింథసిస్ — ఇట్లు మూడు గడుల నోటుపుస్తకం ఒకటి ప్రతి విద్యార్థి దగ్గర ఉంటే ఆ వంతెన ఆరు నెలలలో పూర్తి అవుతుంది.

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపాలు నాలుగు. ఒకటి, ప్రతి బైపీసీ విద్యార్థి శాస్త్ర విషయాల మొత్తాన్ని ద్వితీయ సంవత్సరం డిసెంబరులోగా లెక్కించి, అర్హత గీతకు ఎంత దూరంలో ఉన్నాడో అతనికీ తల్లిదండ్రులకూ తెలియజేయవలెను. రెండు, సీటు రాని పూర్వ విద్యార్థులకు ఒక సంవత్సరం పాటు గ్రంథాలయంలోను, సాయంకాలపు చదువు గదిలోను ప్రవేశం కల్పించవలెను. టి.సి. ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. మూడు, ఎంపీసీ అధ్యాపకుల సహాయంతో బైపీసీ వారికి ఆరు వారాల గణిత తరగతులు నడపవలెను. నాలుగు, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఆ మూడు భాషల పదకోశాన్ని సిద్ధం చేయవలెను. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు, గది తాళం చెవులు, సాయంకాలం రెండు గంటల దీపం చాలు.

ఆడపిల్లల విషయంలో ఇది మరింత అవసరం. కొడుకు మరొక సంవత్సరం చదువుతానంటే అప్పు చేసే ఇల్లు, కూతురు అడిగితే సంబంధాలు చూడడం మొదలుపెడుతుంది. దూరపు హాస్టలుకు పంపని తండ్రి కూడా తన కుమార్తెను తెలిసిన కళాశాల గ్రంథాలయానికి పంపుతాడు.

చివరగా ఒక కఠినమైన మాట. 2025లో నీట్ రాసినవారు 22 లక్షలకు పైగా, అర్హులైనవారు 12 లక్షలకు పైగా. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. అర్హత పొందడం వేరు, సీటు పొందడం వేరు. ఎన్నిసార్లు రాయవచ్చునో చట్టం హద్దు పెట్టలేదు. ఆ హద్దు ఇంటివారే పెట్టుకోవలెను. లోపాలు వెదకి, ఒక ఏడాది నిజంగా శ్రమించిన తరువాత కూడా మార్కులు కదలకపోతే, మరొక ఏడాది అదే దారిలో పోవడం పట్టుదల కాదు, వ్యర్థం. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, లేబొరేటరీ శాస్త్రాలు రోగి సేవకు తక్కువైన దారులు కావు. ఉర్దూ వచ్చినవారికి హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాలలో యునానీ వైద్యం ఉన్నది. దానికీ నీట్ అర్హతయే ద్వారం.

పునాది లేకుండా ఏదో విధంగా సీటు సంపాదించినవానికి కష్టం అక్కడితో తీరదు. 2023 నియమావళి ప్రకారం ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం నాలుగు ప్రయత్నాలలో దాటనివాడు చదువు మానుకోవలసిందే. దాటినా, రేపు అతని ముందు కూర్చునే రోగి మార్కుల పట్టిక అడగడు. తన జబ్బు తెలిసినదా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ పద్దెనిమిదవ ఏటనే, ఈ గ్రంథాలయపు బల్ల దగ్గరనే సిద్ధం కావలెను. అందుకు విద్యార్థి శ్రమ ఎంత అవసరమో, కళాశాల తెరచి ఉంచే తలుపు కూడా అంతే అవసరమని మా దృఢాభిప్రాయం.