కాటిసీనుకు తాళమెందుకు?

తెనాలిలోనో రేపల్లెలోనో తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం వేస్తే, కాటిసీను తెల్లారేసరికి యూట్యూబులో ఉంటోంది. కానీ వీడియో ఎక్కించేటప్పుడు లైసెన్సు గడి జోలికి చాలామంది పోరు. అది దానంతటదే ‘స్టాండర్డ్ లైసెన్సు’గా ఉండిపోతుంది. అంటే చూడొచ్చు గానీ, ఓ పద్యం కత్తిరించి పిల్లల పాఠంలో కలుపుకోవాలంటే అనుమతి కావాలి. నాకు బాధ ఇక్కడే. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవి బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టి, 1953లో కన్నుమూశారు. రచయిత పోయాక 60 ఏళ్లనే మన చట్టం లెక్కన, 2014 నుంచి ఆయన పద్యాలు అందరి సొత్తు. అదే లెక్కన, కాటిసీనులో కలిపి పాడే కవి జాషువా పద్యాలకు మాత్రం 2031 చివరిదాకా ఆగాలి. బలిజేపల్లి పద్యానికి స్వేచ్ఛ వచ్చినా, దాన్ని పాడిన గొంతుకు రాలేదు. 2011 నుంచే యూట్యూబులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఎంచుకునే వీలుంది: పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పద్యనాటకం బతికిందే ఆ పద్ధతిలో; ఒకరి రాగాన్ని మరొకరు ఎత్తుకుని, ఫలానావారి బాణీ అని చెప్పి మరీ పాడారు. అయితే ఆ గడి మార్చే నిర్ణయం కెమెరా పట్టినవారొక్కరిదే కాకూడదు. నటులకూ తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కుంది. అందుకే రంగు పూసుకునే వేళే వారిని అడగాలి, ఒప్పుకుంటే హార్మోనిస్టుతో సహా అందరి పేర్లూ వీడియో కింద రాయాలి. పారితోషికం ఆ రాత్రితో సరి. పేరు మాత్రం పద్యం వెళ్లినంత దూరం వెళ్లాలి.