అర్ధరాత్రికి మారే కోటా

సంక్రాంతికి అమెరికా నుంచి ఇండియా టికెట్లు కొన్నవాళ్లలో చాలామంది రెండు వారాలు సెలవు పెట్టి, మిగతా రెండు వారాలు 'అక్కణ్ణుంచే పనిచేస్తా'నని మేనేజరుకు మాటిచ్చి బయల్దేరుతున్నారు. సూట్‌కేసులో చాక్లెట్లకు చోటు చూసే శ్రద్ధలో పదోవంతు కూడా ల్యాప్‌టాప్‌కు నెట్ ఎలా వస్తుందన్న దాని మీద పెట్టరు. "బావగారింట్లో వైఫై ఉందిగా" అంటారు. ఉంటుంది. కానీ ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకూ లైట్లకూ వేయించి ఉంటారు, రౌటర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మీటింగు మధ్యలో కరెంటు పోతే దిక్కు ఫోన్ హాట్‌స్పాటే.

ఊళ్లో సిగ్నల్ ఉండదేమోనన్న భయం పాతబడింది. ఇప్పుడు అసలు చిక్కు నంబరుతోనే. ఇక్కణ్ణుంచే కొనుక్కెళ్లే ట్రావెల్ ఈసిమ్‌లలో ఎక్కువ భాగం డేటా మాత్రమే ఇస్తాయి. వాటితో ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ, రైల్వే స్టేషన్ వైఫై అడిగే ఓటీపీ రాదు. ఇండియా నంబరు తీసుకుందామంటే, 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలు అమెరికాలో కొన్న ఐఫోన్లకు సిమ్ ట్రేయే లేదు. దుకాణంలో ఈసిమ్ కావాలని ముందే చెప్పాలి. వాయిదాలు తీరని ఫోను చాలావరకు నెట్‌వర్క్ కంపెనీ తాళంలోనే ఉంటుంది కాబట్టి ఆ లెక్క ఇక్కడే తేల్చుకుని వెళ్లాలి. సిమ్ తీసుకోవడానికి పౌరసత్వం మారినవాళ్లు పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు వెంట ఉంచుకోవాలి.

అమెరికా నంబరు మీదే రోమింగ్ వాడొచ్చు కదా అంటే, వాడొచ్చు. కాకపోతే రోమింగ్ డేటా మామూలుగా సొంత దేశం చుట్టి వస్తుంది. గుంటూరులో కూర్చుని పక్కవీధి ఆసుపత్రి వెబ్‌సైటు తెరిచినా అది అమెరికా వెళ్లి రావాల్సిందే. ఆఫీసు సర్వర్లు ఎలాగూ అమెరికాలోనే ఉంటే పెద్ద నష్టం లేదు. ఖర్చు మాత్రం వేరే కథ: పెద్ద నెట్‌వర్క్ కంపెనీల ఒక్కరోజు రోమింగ్ పాసు డబ్బుతో అక్కడ నెల రీచార్జి చేయించి ఇంకా మిగుల్చుకోవచ్చు.

ఆ రీచార్జిలో ఒక కిటుకుంది. రోజుకు 2 జీబీ ప్లానులో కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే గంటకు 29 ఎంబీ కూడా రాదు, వీడియో మాట దేవుడెరుగు. కోటా మళ్లీ నిండేది అర్ధరాత్రి పన్నెండుకు. న్యూయార్కులో ఉదయం తొమ్మిదంటే చలికాలంలో ఇండియాలో రాత్రి ఏడున్నర. కాబట్టి ఒక్క పనిదినానికి రెండు రోజుల కోటా దక్కుతుంది, పగలు మేనల్లుళ్లు రీల్స్ చూసి ఊడ్చేయకపోతే! వాళ్లకంటే ఆకలిగొన్నది విండోస్ అప్‌డేట్. హాట్‌స్పాట్‌ను 'మీటర్డ్ కనెక్షన్'గా పెట్టండి, మ్యాక్‌లో అయితే 'లో డేటా మోడ్'. ఫోను కిటికీలో సిగ్నల్ దొరికేచోట పెట్టి, కుదిరితే యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. ఛార్జింగూ నిలుస్తుంది, పాతింటి మందపాటి గోడల బాధా ఉండదు.

ఇంతా చేసి కంపెనీ ఐటీ విభాగాన్ని అడగడం మరవకండి. దేశం బయటి నుంచి లాగిన్లు ఆపేసే ఆఫీసులున్నాయి. మేనేజరు నోటిమాట అక్కడ చెల్లదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా తెర మీద 'అనుమతి లేదు' అనే వస్తుంది. టికెట్టు కొనకముందే ఆ మెయిల్ పంపండి.