పాలనాయంత్రమునకు రూపశిల్పు లెవరు?

ఒక రైతు ఎకరము పొలము కొన్నచో ఆ సంగతి ప్రభుత్వమునకు మూడు మారులు తెలియవలెను. దస్తావేజు రిజిస్ట్రేషను కచేరిలోను, పట్టా మార్పు రెవెన్యూ కచేరిలోను, హద్దులు సర్వే శాఖలోను నమోదు కావలెను. భూమి యొక్కటే, లెక్కలు మూడు. ఇవి ఒకదానితో నొకటి పొసగనిచో కష్టము రైతునకే గాని కచేరీలకు గాదు.

కంప్యూటర్లు వచ్చినంతమాత్రమున ఈ చిక్కు తీరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు అవి వచ్చెను; 2011లో మీసేవ వెలసెను. ఐనను ఒక్కొక్క శాఖ తన యంత్రమును తానే సమకూర్చుకొనుచు వచ్చెను. గదికొక మేస్త్రీని పిలిచి, ఇంటికంతటికిని ప్లాను గీయువానిని పిలువకున్న నెట్లుండునో అట్లే యయ్యెను.

శాఖలన్నిటి చట్టములను, లెక్కలను, యంత్రములను ఒక్క పటముగా గీయువానిని నేడు ఎంటర్‌ప్రైజు ఆర్కిటెక్టు అనుచున్నారు. మేము పాలనా రూపశిల్పి యందుము. అమెరికాలో 1996 నాటి క్లింగర్-కోహెన్ చట్టము ఈ భారమును ఫెడరల్ సంస్థల ప్రధాన సమాచారాధికారులపై నుంచెను. విభజనానంతరము ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇ-ప్రగతి పేర ఇట్టి ప్రయత్నమునే తలపెట్టెను. కేంద్ర ప్రభుత్వము 2018లో ఇండ్‌ఈఏ అను చట్రమును వెలువరించెను. గ్రంథములకు కొదువ లేదు. ఆచరణలో పెట్టు మనుష్యులే కొదువ.

తెలంగాణమున 2020 అక్టోబరులో ధరణి ఆరంభమయ్యెను. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషనును, పట్టా మార్పును తహసీల్దారు కచేరిలో ఒక్కమారే ముగించుట ఉత్తమ సంకల్పమే. కాని పాత లెక్కల తప్పులు క్రొత్త యంత్రములోనికి వచ్చినపుడు వానిని దిద్దించుకొను త్రోవ దొరకదని రైతులు మొరపెట్టిరి. 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి అప్పీళ్లకు తావొసగినది. యంత్ర మెరిగి పహాణీ నెరుగనివాడును, పహాణీ నెరిగి యంత్ర మెరుగనివాడును ఈ పనికి చాలరని దీనివలన తేటపడుచున్నది.

రూపశిల్పికి నాలుగు నేర్పులు కావలెను. చట్టమును, కచేరీ పద్ధతిని ఎరుగుట మొదటిది. సమాచార మెక్కడ పుట్టి యెక్కడికి పోవునో కనిపెట్టుట రెండవది. కంట్రాక్టరు చెప్పు మాటలో నిజమెంతయో తూచగలుగుట మూడవది. తమ తమ లెక్కలను విడువనొల్లని శాఖాధిపతులను ఒక్క దారికి తెచ్చు వాక్కు నాలుగవది. ఇవి పది దినముల శిక్షణతో అబ్బునవి గావు.

నేడు జరుగుచున్న దేమి? కన్సల్టెంటులు వచ్చి పటము గీయుదురు. గడువు తీరగానే వెడలిపోదురు. పని నేర్చిన అధికారి బదిలీయగును. బ్రిటనులో ప్రభుత్వమే డిజిటల్ వృత్తులకు సామర్థ్య పట్టికను ఏర్పరచి, ప్రతి నేర్పునకు ఎరుక, పనితనము, ప్రావీణ్యము, నైపుణ్యము అను నాలుగు మెట్ల కొలత పెట్టినది. తానే మెట్టుననున్నాడో, పైమెట్టునకేమి నేర్వవలెనో ఉద్యోగికి దీనివలన తెలియును. మనకును 2020లో మిషన్ కర్మయోగి వచ్చినది. సంతోషమే. కాని నేర్చినవానికి నిలుచు చోటు లేనిదే నేర్పు నిలువదు.

కావున రాష్ట్ర ప్రభుత్వములు రూపశిల్పులకు ప్రత్యేక శ్రేణిని ఏర్పరచవలెను. అందు ఇంజనీర్లకును, రెవెన్యూ, సర్వే ఉద్యోగులకును సమానముగ ప్రవేశ ముండవలెను. ఆరంభమున కొంతకాలము మండల కచేరిలో పనిచేయుట విధి కావలెను. పెద్ద జీతమునకై వృత్తిని విడిచి కేవల పరిపాలనలోనికి పోవలసిన అగత్యము ఉండరాదు. వారి సమ్మతి లేక ఏ శాఖయు క్రొత్త యంత్రమునకు టెండరు పిలువరాదు.

ఇందులకు వ్యయమగునని కొంద రనవచ్చును. కట్టినదానిని కూల్చి మరల కట్టుటకు వ్యయము కాదా? ఆ వ్యయమును ఖజానా మాత్రమే భరించుట లేదు. కచేరీల చుట్టు తిరుగు రైతును భరించుచున్నాడు.