చందా కట్టేముందు ఓ పాత సంచిక!

మా పిన్నిది తెనాలి. కుట్లు, అల్లికలంటే ప్రాణం. చిన్నప్పుడు మా అందరి గౌన్ల మీదా ఆవిడ కుట్టిన బాతులే ఈదుతుండేవి. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది కదా, కాస్త కాలక్షేపమని ఆమధ్య ఆవిడ పుట్టినరోజుకి ఓ చేతిపనుల మాసపత్రికకు మూడేళ్ళ చందా కట్టాను. మూడేళ్ళకు ఒకేసారి కడితే సగం ధరే అన్నారు మరి!

ఐదు సంచికలు వచ్చాయి. ఆరోది రాలేదు. ఏడోదీ రాలేదు. పత్రిక మూతపడిందన్న సంగతి నాకు తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. మిగతా డబ్బు సంగతి అడిగితే ఉలుకూ పలుకూ లేదు. సరే, డబ్బు పోతే పోయింది. ఆ ఎనిమిది నెలలూ పిన్ని పోస్ట్‌మ్యాన్‌తో తగవు పడుతూనే ఉందట... 'నా పుస్తకం ఎవరికిచ్చావు?' అని. పాపం, ఆ అబ్బాయి మా పిన్ని వాళ్ళ వీధిలోకి రావాలంటేనే జంకేవాడట.

రిటైరైన నాన్నకో, బొమ్మలు గీసే పాపకో, కుక్కపిల్లను వదలని బాబుకో పత్రిక చందా మంచి కానుకే. ఏడాది పొడవునా నెలకోసారి మనల్ని గుర్తుచేస్తుంది. కానీ చీరలాగా, మిక్సీలాగా చూసి కొనే వస్తువు కాదిది. ఇంకా అచ్చుకాని పుస్తకానికి ముందే డబ్బు కడుతున్నాం. పైగా ఎంత పేరున్న పత్రికైనా ఆగిపోవచ్చు. 1947లో మొదలై తరతరాలను పెంచిన 'చందమామ' అచ్చులో ఆగి పదేళ్ళు దాటింది. 1978లో వచ్చిన 'చతుర', 'విపుల' 2021లో ఆగిపోయాయి. అమెరికాలో ఇంటి అలంకరణకు పెట్టింది పేరైన 'మార్తా స్టీవర్ట్ లివింగ్' 2022లో అచ్చు మానేసింది. పిల్లుల ప్రేమికుల 'క్యాట్ ఫ్యాన్సీ' 2015లోనే కనుమరుగైంది. అందుకే ఎంత తగ్గింపు ఇస్తామన్నా సరే, మొదటిసారి ఏడాదికి మించి కట్టొద్దు.

కట్టేముందు ఇంకో పని... ఓ పాత సంచిక సంపాదించండి. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లూ, విజయవాడలో లెనిన్ సెంటరూ ఉండనే ఉన్నాయి. దొరికిన సంచికను ఓ వారం ఇంట్లో టీపాయ్ మీద పడేయండి. ఎవరు తెరిచారు? ఏ పేజీ దగ్గర ఆగారు? ప్రకటనలు తీసేస్తే చదవడానికి మిగిలిందెంత? ఆ వారంలోనే చాలా సంగతులు తెలిసిపోతాయి.

ముందుగా ఇంటి పత్రికల సంగతి. 1922లో 'ఫ్రూట్, గార్డెన్ అండ్ హోమ్' పేరుతో మొదలై రెండేళ్ళకు పేరు మార్చుకున్న 'బెటర్ హోమ్స్ అండ్ గార్డెన్స్' ఈ తరహా పత్రికలకు పెద్దక్క లాంటిది. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాకపోతే అది పుట్టింది మంచు కురిసే అయోవా రాష్ట్రంలో. అక్కడి వాళ్ళ ముచ్చటైన తులిప్ దుంపలకు వారాల తరబడి గట్టి చలి తగలాలి. మనకేమో మే నెలలో మేడమీద కుండీలో తులసిని బతికించుకోవడమే గగనం! గదుల అలంకరణకీ ఇదే కొలత. వాళ్ళ ఒక్క హాల్లో మన ఫ్లాటు మొత్తం పట్టేస్తుంది. బొమ్మలు చూసి ఆనందించడానికైతే సరే. మొక్కల మీద మోజున్నవాళ్ళకి మాత్రం మన ఎండలు తెలిసిన పత్రికే వెతకాలి.

చేతిపనుల దగ్గర నేను మా పిన్ని మాటే నమ్ముతాను. ఆవిడ పుస్తకం చేతికి రాగానే వెనక నుంచి తిరగేస్తుంది. డిజైను అసలు సైజులో ఇచ్చారా, లేక అగ్గిపెట్టంత ఫొటో వేసి సరిపెట్టారా అన్నదే ఆవిడకు ముఖ్యం. జర్మనీలో 1950లో మొదలైన 'బుర్దా' ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఇందుకే. 1952 నుంచీ దుస్తులు కత్తిరించుకునే కాగితపు నమూనాలు లోపలే పెట్టి ఇస్తున్నారు. ఒకే కాగితం మీద బోలెడు గీతలు కలగాపులగంగా ఉంటాయి, మనక్కావలసింది ట్రేస్ చేసుకోవాలి. కొలతలేమో వాళ్ళవి. జాకెట్టు నమూనా కోసం వెతికితే దొరికేది చలికోటే! కుట్టుమిషను బాగా వచ్చినవాళ్ళకి పనికొస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తలనొప్పి.

'అన్నీ ఫోన్లోనే వస్తున్నాయిగా' అంటారా! నిజమే, విదేశీ పత్రికలకు తపాలా ఖర్చే తడిసిమోపెడవుతుంది కాబట్టి వాటికి డిజిటల్ చందాయే మేలు. నేనూ పిన్నికి ఓ యాప్ పెట్టిచ్చాను. తెర మీద బటర్ పేపర్ పరిచి పెన్సిల్ పెట్టగానే నెమలి కాస్తా జారి పక్క పేజీకి వెళ్ళిపోయిందట.

కళల పత్రికల్లో చాలామంది పొరబడేది 'మార్గ్' విషయంలో. 1946లో ముల్క్‌రాజ్ ఆనంద్ సంపాదకుడిగా ముంబయిలో మొదలైంది. గుళ్ళు, శిల్పాలు, వస్త్రాలు, చిత్రకళల మీద పండితులు రాసే పత్రిక. బొమ్మలు వేయడం నేర్పిస్తుందని ఆరో తరగతి పాపకి కొనిస్తే ఒక్క పేజీ కూడా తిప్పదు. లేపాక్షి వెళ్తే పైకప్పు చూస్తూ మెడ పట్టేసే రకం మీ ఇంట్లో ఉంటే మాత్రం సంచికలు బీరువాలో దాచుకుంటారు. పాపకి ఇవ్వాలంటే వడ్డాది పాపయ్య ముఖచిత్రాలున్న పాత 'చందమామ'లు నాలుగు వెతికి ఇవ్వండి. ఆ గీత చూసి గీయడం ఏ పాఠానికీ తీసిపోదు.

జంతువుల దగ్గర అసలు ప్రశ్న ఒక్కటే... పెంచే రకమా, చూసి మురిసే రకమా? చూసే రకానికి బిట్టు సెహగల్ 1981లో స్థాపించిన 'శాంక్చువరీ ఏషియా' ఉంది. మన పులులు, మన అడవులు. పక్షులంటే చెవికోసుకునేవాళ్ళకి 1883 నాటి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తెచ్చే 'హార్న్‌బిల్' నచ్చుతుంది. ఇక పెంపకం పత్రికల్లో తెల్లటి హస్కీని చూసి పిల్లలు అలాంటిదే కావాలని పేచీ పెడతారు. మంచుదేశపు కుక్క మన రోహిణికార్తెలో ఎంత అల్లాడుతుందో ఆ పత్రిక రాసిందా? రాయకపోతే చందా దండగ. జబ్బు చేస్తే వెళ్ళాల్సింది ఎలాగూ పశువైద్యుడి దగ్గరికే.

డబ్బు కట్టాక రసీదు దాచండి. మొదటి సంచిక ఏ నెలదో ముందే అడగండి, రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. వరసగా రెండు రాకపోతే రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేను అప్పుడు ఆ పని చేయలేదు, బద్ధకించాను.

ఈసారి పిన్నికి నాలుగు పాత సంచికలు తీసుకెళ్ళాను. ఎంబ్రాయిడరీదే తీసుకుంటుందనుకున్నా. 'ఇందులో పక్షుల ఫొటోలు చూడవే, ఈ రెక్కల రంగులు దారాల్లో తెస్తాను' అంటూ అడవుల పత్రిక పట్టుకుంది. ఇంగ్లిషు రాకపోయినా ఫరవాలేదట. ఏడాదికే కట్టాను. మొదటి సంచిక వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్ గేట్లో పడేయకుండా లోపలిదాకా వచ్చి, 'ఇదిగో అమ్మా, మీ పుస్తకం, చూసుకోండి' అని చేతికే ఇచ్చాడట. పిన్ని చల్లటి మజ్జిగ ఇచ్చి, అతన్ని కూర్చోబెట్టి మరీ కవరు చింపిందట.